ఏడో అధ్యాయం మధ్యవర్తి

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు తయారు చేసిన పనిముట్టు నా కంప్యూటర్‌లోకి చేరింది. గడియారాల రిపేరు పుస్తకంలో ఏడో అధ్యాయం మీ నాన్న ఒకటి రాశాడు, నేనొకటి రాశాను. ఏది ఉంచాలో తేలక నాలుగు నెలలుగా మాటల్లేవు. నీ పనిముట్టు ఏ వెర్షన్ వైపూ మొగ్గదనీ, క్షణంలో పని ముగిస్తుందనీ రాశావు. మధ్యవర్తి అంటే అలాగే ఉండాలి. తీర్పు ఎక్కడ కనిపిస్తుంది?

పెదనాన్న

తా.క. గంట నుంచి ఎదురు చూస్తున్నాను. ఇంకా ఆలోచిస్తున్నట్టుంది.

*

పెదనాన్న గారికి నమస్కారాలు.

అది తీర్పు చెప్పదు. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం చేసింది. ఒక పనికి చెందిన ఫైళ్లన్నీ ఒకచోట చూపించి, అడిగినదాన్ని వెంటనే తెరుస్తుంది. పాత ప్రతులు దాచుకోవడానికి మీరొక సాఫ్ట్‌వేర్ వాడతారు, నాన్న ఇంకొకటి. నేను వెర్షన్ అన్నది వాటి గురించే, దానికి రెండూ ఒకటే. ఇద్దరి ఫైళ్లూ మీ కంప్యూటర్‌లోనే పెట్టాను. ఫైలు పేరు కొట్టండి, చాలు.

మీ చిట్టి

తా.క. అది ఆలోచించడం లేదు. మీరు ఎంటర్ నొక్కి ఉండరు.

*

చిట్టీ,

నొక్కాను. విడిభాగాల ఫోటోలతో కలిపి నాలుగు వేల ఫైళ్లుంటే, రెప్పపాటులో ఏడో అధ్యాయం తెరిచింది. అక్కడే అనుమానం వచ్చింది. ఇద్దరి మాటా వినేవాడికి అంత తొందరుండదు. కానీ చదివాక ఆ అనుమానం పోయింది. తెరిచింది నాదే. లోలకం సరిచేయడం గురించి ఇంత బాగా రాశానని నాకే గుర్తు లేదు. కొట్లో గోడ గడియారం విప్పి అలాగే చేశాను, చక్కగా నడిచింది.

పెదనాన్న

తా.క. అచ్చు తీసి మీ నాన్నకి పంపాను. "రాయడమంటే ఇదీ" అని పైన రాశాను.

*

పెదనాన్న గారికి,

అది నాన్న రాసింది. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే రెండూ చూపిస్తుంది. మీరు పైదాన్ని నొక్కినట్టున్నారు. మీ కాగితం చూసి నాన్న, "అన్నయ్య నాదే బాగుందన్నాడే" అని చొక్కా వేసుకుని మీ ఊరి బస్సెక్కారు. దయచేసి నిజం చెప్పకండి.

చిట్టి

తా.క. ఇది చేరేసరికి నాన్న అక్కడే ఉంటారు. జాగ్రత్తగా విప్పండి.

*

చిట్టీ,

నా కళ్లజోడు కనబడకపోతే నీ ఉత్తరం మీ నాన్నే విప్పి నాకు చదివి వినిపించాడు. చివరి దాకా, తా.క.తో సహా. తర్వాత దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, నీది కూడా తెరువు, చూద్దాం" అన్నాడు. తెరిచాం. పొద్దుట్నుంచీ పోట్లాడుకుంటున్నాం, ఒకే బల్ల దగ్గర కూర్చుని.

పెదనాన్న

తా.క. ఇప్పుడు ఏడో అధ్యాయాలు మూడయ్యాయి. మూడోది ఇద్దరం కలిసి రాస్తున్నాం. అది ఎవరి సాఫ్ట్‌వేర్‌లో దాచాలో మాత్రం తేలడం లేదు.