స్వప్నను పుష్ చేసిన నాలుగేళ్ళు

గురువారం, రాత్రి

ఆయనకు దగ్గు తగ్గింది. కోడలికి బీపీ మందు మార్చారు. నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. మనవరాలు స్వప్న ఎలా ఉందో చూద్దామని ఈరోజు అశోక్‌నగర్ హాస్టల్‌కు వెళ్ళాను. గ్రూప్స్ పరీక్ష మూడుసార్లు తప్పి, పోయిన నెల మా ఇల్లు వదిలి అక్కడ చేరింది.

అద్దాల తలుపు లాగుతూ నిలబడ్డాను. వాచ్‌మన్ నవ్వాడు. "పుష్ అని రాసుంది గదమ్మా, జర నెట్టు."

పప్పన్నం డబ్బా మనవరాలి చేతికిచ్చి, పొద్దున నాలుగింటికి లేస్తున్నావా అని అడిగాను. స్వప్న డబ్బా పక్కన పెట్టేసింది.

"ఇగ పుష్ చేయకు నానమ్మా. నాలుగేండ్ల సంది నువ్వు నెట్టుడు, నేను పడుడు. ఈసారి పరీక్ష రాయను."

నన్ను మూడో తరగతిలోనే బడి మాన్పించారు. ముందుకు నెట్టేవాళ్ళు లేరని బతుకంతా ఏడ్చాను. అందుకే రోజూ చీకటితోనే దీన్ని లేపాను. ఇంట్లోంచి వెళ్ళగొట్టింది నేనేనని ఎవరితో చెప్పుకోను? పిల్ల చిక్కిపోయింది. తింటోందో లేదో.

పరీక్ష మాట ఎత్తనంటేనే మళ్ళీ రమ్మంది. ఆ మాట తీసేస్తే దానితో మాట్లాడడానికి నా దగ్గర ఏముందో తెలియడం లేదు. సరేనన్నాను. ఆదివారం, పదకొండు గంటలకు.