రెక్కల మీద మూత గుడ్డ

సైన్యంలో ప్యారాచూట్లు మడిచే గదికి పెద్దగా పనిచేసి రిటైరై, అందరిచేతా మడతల మాస్టారు అనిపించుకుంటూ, ఇప్పుడు డెబ్బై ఒకటో ఏడు నడుస్తున్న నేను, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో ఓపిక లేదు గానీ మతి ఉంది. నిన్న డాక్టరు నన్ను వందలోంచి ఏడేడు తీసేస్తూ లెక్కపెట్టమన్నాడు. పెట్టాను. మధ్యలో తప్పింది ఆయనే. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

1. మూడో అంతస్తులోని ఈ రెండు గదుల ఇల్లు నా స్వార్జితం. ఇదీ, బ్యాంకులో ఉన్నదీ నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందవలసినది. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. అమ్మా, వంటింటి కొళాయి మామూలుగా కట్టేస్తే ఆగదు, సగం తిప్పి ఒక్క దెబ్బ వెయ్యి. కింద అంతస్తు ప్లంబరు పన్నెండేళ్లుగా రేపు వస్తానంటున్నాడు. సాక్షి సంతకానికి మాత్రం అడగ్గానే సరే అన్నాడు.

2. మడతలు కదలకుండా పైన పెట్టే చిన్న ఇసుక సంచులు ఆరు, నా మనవరాలికి. ఆ పిల్ల కిటికీ తెరవనిదే చదవలేదు, పేజీలేమో ఎగిరిపోతుంటాయి.

3. కుట్టుమిషను నా చెల్లెలికి. పంతొమ్మిదేళ్లుగా నాతో మాట్లాడటం లేదు కాబట్టి తీసుకోకపోవచ్చు. ఈ మిషను మీద నేను చేసిన పని గురించి కింద రాస్తున్నాను. చదివాక వద్దంటే పాతసామాన్లవాడికి ఇచ్చేయండి, ఆమెను తప్పు పట్టను.

4. ఇది ఆస్తి కాదు. ఇలాంటివి వీలునామాలో పెట్టకూడదని లాయరు అన్నాడు. పెడుతున్నాను.

తాను మడిచిన ప్యారాచూటు తానే కట్టుకుని ఐదుసార్లు దూకినవాడికి మా గదిలో రెక్కల బ్యాడ్జి ఇచ్చేవారు. అది చొక్కా మీద, గుండెకు ఎడమవైపు ఉండేది. కొత్తవాడు ఎవరైనా సరే, రెక్కలున్నవాడికి చూపించకుండా ప్యారాచూటు సంచి మూయకూడదు. అదీ పద్ధతి.

పంతొమ్మిదేళ్ల కిందట నా చెల్లెలి కొడుకు, నా మేనల్లుడు, మా గదికే వచ్చాడు. కొత్తవాళ్లను పాతవాళ్లు ఏడిపించేవారు, కాదనను. “ఏం నాయనా, ఇంకా ఈకలు కూడా రాలేదా?” అని భోజనాల దగ్గర ఒకటే నవ్వు. మేనల్లుడు ఖాళీగా ఉన్న ఆ చోటు మీద చెయ్యి పెట్టుకుని తినేవాడు. చూడలేకపోయాను. అప్పుడే మా కొత్త అధికారి ఒక ఆలోచన చెప్పాడు: గదిలో ఉన్నంతసేపూ బ్యాడ్జీలు కనబడకుండా గుడ్డ కప్పుదాం, ఎవరి మనసూ నొచ్చుకోదు. నేను ఎగిరి గంతేశాను. ఇరవై రెండు మూత గుడ్డలు నేనే కుట్టాను. ఎవరికున్నాయో ఎవరికి లేవో తెలియకూడదని, రెక్కలు లేనివాళ్ల చొక్కాలకు కూడా కుట్టాను. నోళ్లు మూయించాల్సింది పోయి బ్యాడ్జీలు మూయించాను.

మూడో వారంలో మేనల్లుడు ఒక ప్యారాచూటు మడిచి, పద్ధతి ప్రకారం, తల నెరిసిన ఒకాయనకు చూపించాడు. ఆయన ముందురోజే బట్టల గోదాము నుంచి బదిలీ మీద వచ్చాడు, మూత కింద రెక్కల్లేవు. తనకు తెలియదని చెప్పడానికి మొహమాటపడి, “ఆఁ, బానే ఉంది” అన్నాడట. తాళ్లు మెలిపడి ఉన్నాయి. దాన్ని కట్టుకుని దూకినది దూకడం నేర్పే మా పొడుగాయన. ప్రాణం దక్కింది. ఎడమకాలు మోకాలి దాకా పోయింది.

విచారణకు ముందురోజు మూతలన్నీ నేనే విప్పించాను. విచారణాధికారి వచ్చేసరికి గదిలో పదమూడు జతల రెక్కలు తళతళలాడుతున్నాయి. “ఇంతమంది కళ్లెదుట ఉంటే నీకు ఒక్కరూ కనబడలేదా?” అని ఆయన మేనల్లుణ్ణి అడిగాడు. వాడు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. మూతల మాట వాడు ఎత్తలేదు. నన్ను అడిగినప్పుడు, రెక్కలున్నవాళ్లెవరికీ అతను చూపించలేదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. అంతకన్నా పాడుమాట నేను నా జన్మలో అనలేదు. నిర్లక్ష్యం అని రాసి వాణ్ణి ఉద్యోగంలోంచి పంపేశారు.

5. వాడు ఇప్పుడు లారీల మీద కప్పే పట్టాలు కుట్టే షాపు నడుపుతున్నాడు. వాడికి నా పెద్ద కత్తెర, మైనం పట్టించిన దారం ఉండలు అన్నీ. ఇవి నష్టపరిహారం కాదు, వాడికి పనికొస్తాయి, అంతే. నాలుగో అంశానికి నకళ్లు తీయించి, ఒకటి వాడికి, ఒకటి నా చెల్లెలికి, ఒకటి మా పాత ఆఫీసుకు నా కూతురు పంపవలసినది. వాడి రికార్డులో ఆ మాట కొట్టేయమని అడగవలసినది. బతికుండగా వాడి ఎదుట నిలబడే మొహం నాకు లేదు. పోయాక పంపమనడం పిరికితనమని తెలిసే రాస్తున్నాను.

6. నా రెక్కలు ఎవరికీ రాయడం లేదు. దూకితే వచ్చేవి, రాసిస్తే వచ్చేవి కావు. నా చొక్కాకే ఉంచి, ఏమీ కప్పకుండా, నాతోపాటే పంపేయండి. వాటిని న్యాయంగానే సంపాదించాను. ఆ తరవాత చేసింది వేరే.

7. మూతల ఆలోచన చెప్పిన ఆ అధికారికి ఏమీ లేదు. మంచివాడే. అతని ఆలోచనకు నేను వద్దనాల్సింది.

8. పొడుగాయనకు కూడా ఏమీ రాయలేదు. రాస్తే సాక్షిగా పనికిరాడని లాయరు చెప్పాడు. నాకు ఆయన సాక్ష్యమే కావాలి. ఆయన పూర్తిగా చదివి, ఇష్టమైతేనే సంతకం చేయాలి. కాగితం నా మొహాన కొట్టినా కొట్టవచ్చు.

అలసిపోయాను. ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

తేదీ: 17 ఫిబ్రవరి 2026, మంగళవారం.

(సంతకం) మడతల మాస్టారు

సాక్షులు:

1. (సంతకం) కింద అంతస్తు ప్లంబరు. నేను చదవలేదు, మాస్టారు సంతకం పెడుతుంటే చూశాను.

2. (సంతకం) పొడుగాయన. మొత్తం చదివాను. నా చొక్కాకీ ఒక మూత కుట్టావు కదయ్యా, నాకు తెలియదనుకున్నావా? విచారణాధికారి ఆస్పత్రికి వచ్చినప్పుడు మూతల సంగతి చెప్పేద్దామనే అనుకున్నాను. అంతకుముందే మీ మేనల్లుడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “చెప్పకండి సార్, మామయ్య బాధపడతాడు” అన్నాడు. వాడి షాపు పొద్దున తొమ్మిదింటికి తీస్తాడు. నువ్వు కన్నుమూసేదాకా వాణ్ణి ఆగమనకు.