పొయ్యొస్తా అన్నవాళ్ళు

ఫిబ్రవరి 7, 2004. శనివారం

మేడం ఇచ్చిన డేటా షీట్‌లో రిమార్క్స్ గడి అర అంగుళం. నేను రాయాల్సింది అందులో పట్టదు. మా ఆయన హరికి డిపోలో ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది, ఇందులో రాస్తున్నాను. ఎవరూ చదవనక్కర్లేదు.

ఈరోజు థెరపిస్ట్ ప్రసన్నకుమారి మేడం మొదటిసారి ఇంటికి వచ్చింది. సొంతూరు పుత్తూరు, ఉద్యోగం చెన్నైలో. నెలకో శనివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, మాకు నేర్పి, సాయంత్రం వెళ్ళిపోతుంది. మిగిలిన నెలంతా టీచర్లం నేనూ హరీ. మా అబ్బాయి ధనశేఖర్‌కు ఐదేళ్ళు నిండాయి. ఆటిజం అని వేలూరులో చెప్పి పదకొండు నెలలైంది. చెప్పిన రోజు నేను ఏడవలేదు. ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు రిపోర్టులు టైప్ చేసి జనం చేతుల్లో పెట్టినదాన్ని. ఆరోజు నా రిపోర్టు నా చేతికొచ్చింది, అంతే.

పద్ధతి ఇది. చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఒక మాట చెప్పాలి. చేస్తే వెంటనే నోట్లో ఒక బొరుగు గింజ. తప్పు చేస్తే చెయ్యి పట్టి సరిగ్గా చేయించి, అంటే ప్రాంప్ట్ ఇచ్చి, మళ్ళీ మొదటినుంచి. ఒక్కో మాటా పదిసార్లు. ప్లస్, మైనస్. దువ్వెన ఇయ్యి అంటే ఈరోజు పదికి సున్నా.

మా అత్త సిద్ధమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. కుక్కకేసే మాదిరి ఒక్కొక్క బొరుగు ఏస్తా ఉండారే, బిడ్డకు తిండి పెట్టేది ఇట్లనా అంది. మేడం నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మేడం పొయ్యొస్తా అని చెప్పి వెళ్ళింది. ధన ఎప్పటిలాగే గేటు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరు వచ్చి వెళ్ళినా ఇదే తంతు. మెట్టు వదలడు, అన్నం ముట్టడు. కూర్చున్నచోటే నిద్రపోతే ఎత్తుకొచ్చి పడుకోబెడతాం. తెల్లారితే మామూలు మనిషి. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. కొండకొచ్చిన ప్రతివాళ్ళూ మా ఇంట్లో దిగి, గుండు కొట్టించుకుని, మా చేతిలో ప్రసాదం పెట్టి వెళ్తారు. వాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ వీడికి ఉపవాసం.

మనుసులంటే అంత ప్రాణం నా మనవడికి, ఎవురు వానికి బుద్ది లేదనేది అని అత్త వీధంతా చెప్పుకుంటుంది. నాకు తెలిసింది ఒకటే. పోయిన నెల వాడు కిలోన్నర తగ్గాడు.

ఫిబ్రవరి 8

రాత్రి అన్నం: సున్నా. పొద్దున: రెండు ఇడ్లీలు.

ఫిబ్రవరి 20. శుక్రవారం

దువ్వెన 6/10. గ్లాసు 4/10. ఇటు చూడు 1/10, అది కూడా బల్లి అరిస్తే చూశాడు.

హరి కొండ బస్సు డ్రైవరు. తెల్లవారకముందే డ్యూటీకి పోయి, నాలుగింటికి వచ్చి, అయిదింటి సెషన్ తీసుకుంటాడు. మలుపులు తిప్పీ తిప్పీ భుజాలు లాగేస్తున్నా సెషన్ ఒక్కరోజు మానలేదు. అది ఒప్పుకోవాలి. కాని తన షీట్ నమ్మలేం. బిడ్డ చెయ్యి అటు కదిలితే చాలు, ప్లస్ పెట్టేస్తాడు. నిన్న మూడు ప్లస్సులు రబ్బరుతో తుడిచేశాను. నా కొడుక్కు మార్కులు తగ్గించేదానికి నువ్వెవురమ్మే అని ఎగిరాడు. నేను వాడి తల్లినని చెప్పాల్సి వచ్చింది. ఈరోజు షీట్ చూస్తే ఒక ప్లస్ తనే కొట్టేసి మైనస్ పెట్టుకున్నాడు.

మార్చి 6. శనివారం

మేడం రెండో రాక. సాయంత్రం పొయ్యొస్తా అని ఆటో ఎక్కింది. ధన మెట్టు మీద కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు ఆటో మళ్ళీ వచ్చి ఆగింది. స్టాప్‌వాచ్ మరిచిపోయిందట.

ఆమెను చూడగానే వీడు లేచాడు. తిన్నగా వంటింట్లోకి పోయి కంచం ముందు కూర్చున్నాడు.

మేడం స్టాప్‌వాచ్ సంగతి వదిలేసి నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. ఎవరెవరు పోతే కూర్చుంటాడు? చెప్పకుండా పోతే? వాళ్ళు పొయ్యేటప్పుడు ఏమంటారు? ఏమంటారు, అందరూ అనేదే, పొయ్యొస్తా అంటారు. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే అర్థమైంది. పోయి వస్తా. వాడు ఆ మాట నమ్ముతున్నాడు. పోయినవాళ్ళు వస్తారని కూర్చుంటున్నాడు. లోకంలో ఎవరూ ఆ మాటకు కట్టుబడరని వాడికి ఎవరూ చెప్పలేదు. కూర్చున్నది ప్రేమతో కాదని కూడా తెలిసింది. ఆ సంగతి అత్తకు చెప్పలేదు.

మందు చిన్నదే అంది మేడం. తిరిగి రానివాళ్ళు పోతా అని చెప్పాలి.

అత్త లేచి నిలబడింది. ఇంట్లోనించి బయలుదేరే మనిసి పోతా అంటాడా, ఆ మాట పాడె మీద పొయ్యేవాళ్ళకు గూడా మనం అనం, ఏం సదువులమ్మా మీయి అని అడిగింది. మేడం కూడా పుత్తూరు మనిషే కదా. గేటు దగ్గర రెండుసార్లు నోరు తెరిచి మూసింది. చివరికి గడప తాకి కళ్ళకద్దుకుని, పోతా ధనా అంది. వాడు ఒకసారి చూసి, లోపలికొచ్చి గిన్నె మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు.

రాత్రి అన్నం: కంచం ఖాళీ.

మార్చి 7

హరి అట్టముక్క మీద మార్కర్‌తో రాసి గేటుకు కట్టాడు. వెంటనే తిరిగి వచ్చేవారు పొయ్యొస్తా అనవలెను. మిగిలినవారు పోతా అనవలెను. ఎదురింటి పంకజాక్షి చదివి, ఆ మాట అనడం ఇష్టంలేక రావడమే మానేసింది. మంచిదే.

మార్చి 9

పాలు పోసే మునెయ్య ఒక్కడికే ఈ బోర్డు నచ్చింది. నిన్న, పోతాండా నాయనా, పోతా పోతా అని పాట మాదిరి పాడి పోయాడు. ఈ ఉదయం మునెయ్యను చూడగానే ధన క్యాన్ తోసేసి అరిచాడు. పాలు నేలపాలు. కారణం తెలియదు. రేపటినుంచి ఏమీ అనకుండా పోసి వెళ్ళమన్నాను.

మార్చి 22. సోమవారం

నిన్న ఉగాది. చంద్రగిరి చుట్టాలు ఏడుగురు వచ్చారు. బోర్డు గేటు మీద లేదు. పండగపూట అని అత్త తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. నాకు తెలియదు. చుట్టాలు వెళ్ళేటప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. అత్త గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చెవిలో చెప్పిందట, కొత్త సంవత్సరం నాడు పాడు మాట అనద్దండి అని. ఏడుగురూ ఏడుసార్లు చెప్పారు. పొయ్యొస్తాం ధనా.

వాడు ఏడుగురి కోసం కూర్చున్నాడు. నిన్నంతా తినలేదు. నిద్ర కూడా పోలేదు. ఈరోజు మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి గేటు తీసి ఉంది, మెట్టు మీద లేడు.

4:10 నుంచి 5:50 వరకు దొరకలేదు.

చంద్రగిరి రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడట, చుట్టాలు పోయిన వైపు చూస్తూ. లారీ డ్రైవరు బ్రేకు కొట్టి, దిగి, చెంప మీద ఒకటి కొట్టి, భుజాన ఎత్తుకుని టీ అంగడిలో కూర్చోబెట్టాడు. ఆ డ్రైవరు పేరు అడగలేదు. అడగాల్సింది.

ఇంటికొచ్చాక అత్తతో అన్నాను. మీ శకునం మీకు ముఖ్యం, వాడు లారీ కింద పడినా సరే అని. అనకూడని మాటే. అప్పుడు మాత్రం అదే సరైన మాట అనిపించింది.

మార్చి 24. బుధవారం

అత్త సంచి సర్దుకుంది. నాయుడుపేటలో చిన్నకొడుకు జయరామ్ ఇంటికి. హరి బతిమాలాడు. నన్ను చూశాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

గేటు దగ్గర ఆగి, నాకు వినపడేట్టు అంది. మీకు కావాల్సింది ఆ మాటే గదా, ఇదో సెప్తా ఉండా. పోతా. నాయనా ధనా, పోతా.

అరవై ఎనిమిదేళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదలనుకుంటాను. ధన వెనక్కి తిరిగి లోపలికొచ్చాడు. ఆమె ఆటోలో కూర్చుని కూడా కాసేపు పోనివ్వలేదు. మెట్టు వైపు చూస్తూ ఉంది. మెట్టు ఖాళీ. ఆమె చూడడం నేను చూశాను.

షీట్‌లో ప్లస్ పెట్టాను.

ఏప్రిల్ 11. ఆదివారం

దువ్వెన, గ్లాసు, చెప్పులు: 10/10. ఇటు చూడు 7/10. నీళ్ళు కావాల అని రెండుసార్లు అన్నాడు. బరువు పెరిగాడు. ఈ నెల మేడం రాలేకపోయింది, ఫోన్లోనే చెబుతోంది.

ప్రతి ఆదివారం అత్త ఫోను. నన్నడిగినాడా అని ఒకటే ప్రశ్న. హరి అయితే అబద్ధం చెప్పేవాడు. ఈసారి ఫోను నేనెత్తాను. అడగలేదు అన్నాను. సరే అని పెట్టేసింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నేను కోరుకున్నది ఇదే. మధ్యాహ్నం సెషన్ చేస్తూ రెండుసార్లు గుమ్మం వైపు చూశాను, ఎవరైనా తిడతారేమోనని.

మే 16. ఆదివారం, సాయంత్రం

కత్తిరి ఎండలు. నీడలో నలభై మూడట.

పదకొండింటికి అత్త వచ్చింది. చెప్పకుండా. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో మామిడిపండ్ల బుట్ట. దా నాయనా అని గేటు తీసింది. ధన ఒక్క కేక పెట్టాడు. సంచి లాగి వీధిలోకి విసిరాడు. రెండు చేతులతో ఆమెను బయటికి తోసి, గేటు వేసి, తన చెయ్యి తనే కొరుక్కున్నాడు. రక్తం వచ్చింది. పండ్లు కాలవలోకి దొర్లాయి. పంకజాక్షి కిటికీ తెరుచుకుంది.

పోతా అంటే రాకూడదు. వాడికి మేం నేర్పింది అదే. మునెయ్య పాలక్యాన్ ఎందుకు తోశాడో ఇప్పుడు తెలిసింది. మార్చి 9న నా చేత్తో రాసుకున్నాను, కారణం తెలియదు అని. ల్యాబ్‌లో అయితే అలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టేదాన్ని కాదు.

హరి కొండమీద. మేడం ఈ నెలా రాలేదు, ఫోనూ ఎత్తలేదు. వాణ్ణి పట్టుకుని లోపలికి తీసుకుపోదామంటే కరుస్తున్నాడు. అత్త కాలవ బండ మీద ఎండలో కూర్చుంది. నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు. గేటు సందులోంచి చెంబు ఇస్తే సగం తాగి మొహం కడుక్కుంది. వీడు నన్ను మరిసిపోయినాడనుకుంటి, మరవలేదే, నేను సెప్పింది గూడా మరవలేదే అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

కాసేపటికి అడిగింది. ఆ బల్ల కాడ బిడ్డ తప్పు సేస్తే ఏం సేస్తావు నువ్వు అని. చెప్పాను. సరిగ్గా చేయించి, మళ్ళీ మొదటినుంచి. అట్లయితే తప్పు నాది, కోపంలో సెప్తి, మళ్ళా మొదట్నించి సేస్తా అని లేచింది.

గేటు దగ్గరికొచ్చి, ధనా, పొయ్యొస్తా అంది. మునెయ్య పాలు పంచే మూల దాకా నడిచి, తిరిగి వచ్చింది. వాడి కేకల్లో వాడికి వినపడలేదు. మళ్ళీ చెప్పి, మళ్ళీ నడిచింది. మూడోసారి వాడు అరుపు ఆపాడు. నాలుగోసారి మెట్టు మీద కూర్చున్నాడు, చెయ్యి చీకుతూ. ఆమె మూల తిరిగి కనపడగానే లేచి, గొళ్ళెం తీసి, వంటింట్లోకి పోయి కంచం ముందు కూర్చున్నాడు.

చాలు లోపలికి రండత్తా అన్నాను. నీ లెక్క పది గదమ్మే, నాలుగుతో సరిపెడితే రేపు మళ్ళా తోస్తాడేమో అని వెనక్కి తిరిగింది. మోకాళ్ళు వంగవు. చెప్పు తెగితే గోడవార పెట్టి, కొంగు నెత్తిన వేసుకుని, కాలే రోడ్డు మీద ఉత్తకాళ్ళతో. వాడు ప్రతిసారీ కంచం వదిలి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. పదోసారి ఆమె లోపలికొచ్చి వాడి పక్కన కూలబడింది. వాడు ఆమె వైపు చూడలేదు. పెరుగన్నం మొత్తం తిన్నాడు.

ఏడ్చాను. టైము 12:50. ఎంతసేపో చూసుకోలేదు.

ఆమె పాదాలకు వెన్న రాస్తుంటే, ఏసినావా గుర్తులు అని అడిగింది. వేశాను. మూడు మైనస్, ఏడు ప్లస్. థెరపిస్ట్ అని ఉన్న చోట సిద్ధమ్మ అని రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను.

మే 17

బోర్డు మార్చాం. మళ్ళా వస్తా అని ఒక మాట, ఇది ఎప్పుడో వచ్చేవాళ్ళకు. మేడం ఫోన్లో సరే అంది. మాట అత్త చెప్పిందే. పోతా అనేది కొట్టేశాం.

జూన్ 13. ఆదివారం

పక్కవీధి స్కూల్లో ఒక పూట బడికి ఒప్పుకున్నారు. రేపే మొదలు. హరి సెలవు పెట్టాడు.

ఇంతమంది పొయ్యేటప్పుడు ఏమనాలో బోర్డు రాసి పెట్టాం. వాడు పొయ్యేటప్పుడు ఏమనాలో వాడికి నేర్పలేదు. గుర్తుకే రాలేదు, వాడు ఎక్కడికైనా పోతాడని. విన్న మాటల్లో ఏది అంటాడో, పోతా అంటాడేమో అని అత్తకు భయం. నాకు అలాంటి పట్టింపులు లేవు అని రాయబోయాను. ఉన్నాయి.

జూన్ 14

9:05. హరి వేలు పట్టుకుని గేటు దాటి, ఆగాడు. మెట్టు వైపు చూస్తూ పొయ్యొస్తా అన్నాడు. ప్రాంప్ట్ లేదు.

నేనూ అత్తా మెట్టు మీదే కూర్చున్నాం. ఉప్మా చల్లారిపోయింది. ఇద్దరం ముట్టలేదు.

12:42. వచ్చాడు.