పెత్తర్లమాస నాడు నీ పేరు

బాపూ,

పొద్దున పళ్ళెంలోని బియ్యం మీద ఒక చీమ పాకుతోంది. పెత్తర్లమాస, పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య కదా, నీ పేరున బియ్యం ఇవ్వడానికి కాశిబుగ్గ గుడికి వెళ్లాం. అమ్మ నీ పేరు నోట పలకదు కాబట్టి ఏటా చెప్పేది నేనే. పంతులు నీ పేరు అడిగాడు. నాకు గుర్తురాలేదు. ప్రతి ఫారంలో రాసే పేరే. చీమనే చూస్తూ నిలబడ్డాను. వెనక ఎవరో నవ్వారు. చివరికి తల దించుకుని అమ్మే చెప్పింది.

"కన్నతండ్రి పేరు మరుస్తరానే ఎవలన్న? జర సోయి ఉండాలె," అంది దారిలో.

జబ్బు వల్లే అన్నాను.

"మూడ్ మంచిగున్నదని డాక్టరే చెప్పిండు గద. ఇంకేం బైపోలార్ బిడ్డా? ఊకె సాకులు చెప్తానవ్."

మూడ్ బాగానే ఉంది బాపూ. నిద్ర కూడా పడుతోంది. కానీ పేజీ తిప్పేసరికి చదివింది పోతోంది. ఇదీ ఆ జబ్బేనని చెప్పబోతే, సగంలో మాటే దొరకడం లేదు. నాకు విసుగొస్తోంది.

నువ్వూ ఇదే జబ్బుకి నాలాగే ఇవే మాత్రలు వేసుకునేవాడివి. నాకు పదేళ్లప్పుడు, కాన్వెంట్ గేటు దగ్గర సిస్టర్ అడిగితే, నేను ఏ క్లాసో నీకు గుర్తురాలేదు. నువ్వెవరో తెలియనట్టు నేను లోపలికి వెళ్లిపోయాను.