అమ్మ చూసుకునే పటం

తమ్ముడూ,

నీ కొత్త మందిర ప్రతిష్ఠకు అమ్మను తీసుకురమ్మని, వేదిక మీద నీ పక్కన కూర్చోబెడతానని కబురు పెట్టావు. అమ్మ రానంది. ఎందుకు రాలేదని అడిగితే నీ సంఘానికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

అమ్మకు చదువు రాదు, చెవులు ఏనాడో పోయాయి. వాక్యం వినే దారీ లేదు, చదువుకునే దారీ లేదు. నీళ్ళలో మునిగిపోతున్న పేతురు, అతనికి చెయ్యందిస్తున్న ప్రభువు ఉన్న, గోడకు అంటించిన ఆ పటమే ఆమెకు బైబిలు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు వారం రోజులు సరిగ్గా తిండి కూడా తినకుండా దాని ముందే కూర్చుంది. పాస్టరువై వచ్చిన నువ్వు, "బొమ్మకు మొక్కడం పాపమమ్మా!" అని వినపడని చెవిలో అరిచి, ఆమె కళ్ళముందే దాన్ని చించేశావు. ఆ ముక్కలు ఊడ్చింది కూడా ఆమే.

ఇప్పటికీ అమ్మ పొద్దున్నే ఆ గోడ ముందే కూర్చుంటోంది. ప్రార్థన చేసుకుంటున్నావా అని మొన్న సైగ చేసి అడిగాను.

"కళ్ళు మూసుకుంటే మునిగిపోయేవాడే కనిపిస్తున్నాడే. ఆ చెయ్యి కనపడట్లేదు" అంది.

నువ్వు బాధపడతావని, ఈ మాట నీకు రాయొద్దంది. బాధపడాలనే రాస్తున్నాను.

అక్క