అక్క చెప్తే తలూపుతది

27 జూన్ 2004, ఆదివారం

ఆషాఢమని ఆమనిని మేడ్చల్ తీసుకొచ్చాం. పెళ్లయి నెల దాటింది. మనిషి అదే. చేతులే మారిపోయాయి.

రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి నా చెల్లెలికి వినికిడి పోయింది. మాట రాలేదు. అమ్మ భయపడి బడికి పంపలేదు. దానికి బడీ నేనే, మాటా నేనే. మీసం మెలేస్తే నాయిన. గాజులు కదిలిస్తే అమ్మ. గడ్డం కింద రెండు వేళ్లు పెడితే నేను. ఇవన్నీ మేమిద్దరం కల్పించుకున్నవి. ఇంట్లో మిగతావాళ్లకు సగమే తెలుసు.

ఇప్పుడు మొగుడు నవీన్ నేర్పినవి చేస్తోంది. అతనిది పుట్టు చెవుడు. కానీ సిటీలో బధిరుల స్కూల్లో టెన్త్ దాకా చదివాడు. కుత్బుల్లాపూర్‌లో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని. వాళ్ల సైగలు వేరు, స్పీడు వేరు. ఈరోజు నేను నీళ్లు తెమ్మని మా సైగ చేస్తే ఆమని నవ్వింది. నా వేళ్లు పట్టుకుని సరిచేసింది. చిన్నపిల్లకు నేర్పినట్టు.

నేను మూడో తరగతి టీచర్‌ని. తప్పులు దిద్దేది నేను.

4 జూలై

నవీన్ అంటే నాకు పడదు. రాసేశాను.

3 అక్టోబర్, ఆదివారం

ఆమనికి నెల తప్పిందట. దాని అత్త మైసమ్మ అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. అమ్మ నాకు చెప్పింది. దానికి కడుపునొప్పి వచ్చినా, మొదటిసారి ముట్టయినా ముందు నాకే తెలిసేది. ఇప్పుడు నేను అందరికంటే వెనక.

నాకు ముప్పై వస్తోంది. చూడ్డానికొచ్చిన వాళ్లందరూ చాయ్ తాగి, ఆమనిని చూసి వెళ్లిపోయారు. "గీ ఇంటి రక్తంలనే ఉన్నట్టుంది" అని ఒకావిడ గుమ్మం దిగుతూ అనడం నేను విన్నాను. జ్వరం వల్ల అని చెప్పినా ఎవరూ నమ్మలేదు. దాని వల్ల నాకు పెళ్లి కాలేదు. దానికి అయింది. ఇప్పుడు బిడ్డ కూడా.

సాయంత్రం నుంచి అమ్మది ఒకటే మాట. "ఇద్దరికి ఇనరాదు. పిల్ల ఏడిస్తె లేసేదెవరు? అది గూడ గట్లనే పుడితె? దసరా లోపల కడుపు తీయించేద్దాం." మైసమ్మ కూడా సరే అందట.

ఆమనిని ఎలా ఒప్పిస్తారని అడిగాను. అమ్మ నా వైపు చూసింది.

"అక్క చెప్తే తలూపుతది."

నేను కాదనలేదు. ఆ మాట వినగానే సంతోషం వేసింది. ఇంకా నా మాటే చెల్లుతుందన్నమాట.

9 అక్టోబర్, శనివారం

శామీర్‌పేట రోడ్డులో క్లినిక్. డాక్టర్ జానకీదేవి. నవీన్‌కు చెప్పకుండా ఆమనిని తీసుకెళ్లాం.

ఇంట్లో అందరం ఒప్పుకున్నామని అమ్మ చెప్పింది. డాక్టర్ రాసేది ఆపింది.

"మీరు ఒప్పుకుంటే చాలదమ్మా. ఆమె మేజర్. చట్టం ప్రకారం ఆమే ఒప్పుకోవాలి. తల్లి చెప్పినా, మొగుడు చెప్పినా నేను చెయ్యను."

"దానికి ఏం తెల్వది మేడమ్. మూగది."

"వినపడకపోతే తెలియదని కాదు. ఆమెకు చెప్పగలిగిన వాళ్లెవరు?"

అందరూ నన్నే చూశారు.

కడుపు, బిడ్డ, తీసెయ్యడం. మూడింటికీ మా దగ్గర సైగలున్నాయి. నేను కడుపు చూపించాను. డాక్టర్‌ను చూపించాను. శుక్రవారం మళ్లీ వస్తాం అన్నాను. బిడ్డ అనలేదు. తీసెయ్యడం అనలేదు.

ఆమని తలూపింది.

"ఆమెకు అర్థమైందా?" డాక్టర్ రెండుసార్లు అడిగింది.

అయిందన్నాను.

తిరిగి వస్తుంటే బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పెళ్లికి ముందులాగా. బాగుంది.

14 అక్టోబర్, గురువారం, సాయంత్రం

రేపటి సంగతి గుర్తుచేసి రమ్మని అమ్మ కుత్బుల్లాపూర్ పంపింది. తలుపు తీసే ఉంది. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలు మధ్యలో పోసుకుని ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. పూలు ముట్టడం లేదు. మాట్లాడుకుంటున్నారు. నవీన్ ఏదో చెప్పాడు. ఆమని పడీ పడీ నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డాను. పిలిస్తే వినపడదు. వాళ్లు తల తిప్పలేదు. ఇన్నేళ్లలో నేను దాన్ని అంతగా నవ్వించలేదు. రేపు అయిపోతే ఈ నవ్వు ఉండదు అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు ఆమని నన్ను చూసింది. లేచొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. నాకు అర్థం కావాలని మా పాత సైగల్లోనే అడిగింది. రేపు డాక్టర్ టీవీలో బిడ్డను చూపిస్తుందా? నవీన్ కూడా చూడొచ్చా? సెలవు పెట్టాడు.

స్కానింగ్ అనుకుంది. అందుకే తలూపింది.

చూపించడానికి కాదు అన్నాను. కడుపు. బిడ్డ. తీసెయ్యడం. అమ్మ అనుకుంది, నేను దాచాను అని కూడా చెప్పాను.

ఆమని ముందు నా చేతులు చూసింది. తర్వాత నా ముఖం చూసింది. చెంప మీద కొట్టింది. నవీన్ అడ్డొచ్చాడు. అతని వైపు తిరిగి చేతులతో గబగబా ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

15 అక్టోబర్, శుక్రవారం

రాదనుకున్నాను. వచ్చింది, నవీన్‌తో.

క్లినిక్‌లో అమ్మ నన్ను ముందుకు తోసింది. ఆమని నన్ను పక్కకు జరిపింది. డాక్టర్ ఎదురుగా నిలబడి రెండు చేతులూ కడుపు మీద వేసుకుని తల అడ్డంగా ఊపింది. దానికి ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

అమ్మ ఏడ్చింది. "రేపు గోస వడేది మేమే మేడమ్."

"ఆమెకు సాయం చెయ్యాలా వద్దా అన్నది మీ ఇష్టం" అంది డాక్టర్. "బిడ్డను కనాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మీది కాదు, నాది కూడా కాదు."

తర్వాత నన్ను చూసింది. "నిన్ను రెండుసార్లు అడిగాను." ఇకమీదట ఆమనికి చెప్పడానికి నన్ను రావద్దంది. నవీన్ చదివిన స్కూల్ నుంచి టీచర్‌ను పిలిపిస్తుందట.

దారంతా అమ్మ తిట్టింది. అవేవీ గుర్తులేవు. నన్ను రావద్దన్న మాటే గుర్తుంది.

16 అక్టోబర్

ఆ టీచర్ ఎవరో. ఎలా ఉంటుందో.

12 డిసెంబర్, ఆదివారం

దసరాకు రాలేదు. దీపావళికి రాలేదు. ఇంట్లో నేను ఎవరితోనూ చేతులు కదపడం లేదు.

6 మే 2005, శుక్రవారం

పాప పుట్టింది. ఆపరేషన్ చేసి తీశారు.

లోపలికి తీసుకెళ్లే ముందు మైసమ్మ, అమ్మ కలిసి డాక్టర్‌ను పట్టుకున్నారు. ఎలాగూ కోస్తున్నారు, ఇక పిల్లలు పుట్టకుండా కూడా చేసెయ్యమన్నారు. అదీ ఆమెనే అడగాలి అంది డాక్టర్. టీచర్‌ను వెంటబెట్టుకుని ఆమని దగ్గరికి వెళ్లింది. టీచర్ సన్నగా ఉంది. ముంజేతులకు గాజుల్లేవు. చేతులు నీళ్లలా కదులుతున్నాయి. ఆమని ఆమెను కళ్లార్పకుండా చూస్తోంది. ఒకప్పుడు నన్ను అలా చూసేది.

తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆమని ఒక వేలు ఎత్తింది. టీచర్ బయటికొచ్చి, వద్దందండీ, ఇంకో బిడ్డ కావాలట అని చెప్పింది.

ఆ వేలు నాకూ అర్థమైంది. నన్నెవరూ అడగలేదు.

11 సెప్టెంబర్, ఆదివారం

కుత్బుల్లాపూర్ వెళ్తున్నాను, ఆదివారాలు. సైగలు నేర్పమని నవీన్‌ను కాగితం మీద రాసి అడిగాను. ఒప్పుకున్నాడు. నా వేళ్లు సరిచేస్తాడు. మస్తు ఓపిక. అది కూడా నచ్చలేదు నాకు.

ఆమని వంటగదిలోంచి రాదు. పాపను మాత్రం నా ఒళ్లో పడేసి పోతుంది. ఉయ్యాల తాడు చేతికి కట్టుకుని పడుకుంటుందట. పాప కదిలితే చాలు, లేస్తుందట. పోయిన వారం అమ్మ వచ్చి పాప వెనక గిన్నె మోగించింది. పాప తిరిగి చూసింది. అమ్మ గిన్నె పట్టుకునే ఏడ్చింది.

19 మార్చి 2006, ఆదివారం

పాప ఈరోజు నన్ను చూసి గుప్పిట మూసి తెరిచింది. మళ్లీ మళ్లీ.

వంటగదిలోంచి తొంగి చూసిన ఆమనిని ఏమందని అడిగాను, వాళ్ల సైగల్లోనే.

నవ్వింది. చెప్పలేదు. పాపనే అడగమన్నట్టు దాన్ని నా వైపు తిప్పింది.