కాలిన కత్తులు

1999, మంగళవారం రాత్రి.

బ్లేడుతో గడ్డం గీయించుకునేవాళ్ళంతా ఫ్యాన్లున్న కొత్త షాపుకే పోతున్నారు. నాన్న మంగలి కత్తి కోసం తమ్ముడి షాపుకు వచ్చే పెద్దవాళ్ళు కూడా, ఈ ఎయిడ్స్ భయం మొదలయ్యాక మానేశారు. కత్తి నిప్పులో కాల్చి తెస్తే మళ్ళీ కూర్చుంటామని ఇద్దరు అన్నారట.

ఈరోజు షాపు సెలవు. వాళ్ళు మానేశాక పెట్టెలో పడి ఉన్న నాన్న కత్తులు మూడూ తీశాను. కిరసనాయిలుతో తుప్పు వదిలించి, బూడిదతో తోమి, కుంపట్లో పెట్టాను.

సాయంత్రం తమ్ముడు వాటిని సానరాయి మీద ఎంత నూరినా పదును నిలవలేదు.

"ఎంతసేపు కాల్చావక్కా?"

"ఎర్రబడేదాకా. క్రిములు చావొద్దూ?"

"క్రిములతో పాటు ఉక్కూ చచ్చింది. మూడూ కాల్చావా?"

"మూడూ."

"పోన్లే, వంకాయలు తరుక్కో" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "షాపు వదిలేస్తానక్కా. గుంటూరు యార్డులో మిరప బస్తాలు మోస్తా" అన్నాడు. నలభై ఐదేళ్ళ వాడు, ఏనాడూ బరువు ఎత్తి ఎరగడు.

దీపం పెట్టి కూర్చున్నాను. చచ్చిన ఉక్కును బతికించమని దేవుణ్ణి ఏం అడుగుతాను? వాడి చేత నన్ను ఒక్కసారి గట్టిగా తిట్టించమని మాత్రం అడిగాను.